ఎడమవైపు కెమెరా

జయప్రకాశ్ దగ్గరికి ఫంక్షన్లు చేయించుకోవడానికి వచ్చే పార్టీలు లైట్ల గురించి అడగవు. "ఎట్లా ఉంటుందో చూపించండి" అంటాయి. చూపించడంలో అతన్ని మించినవాడు ఖమ్మంలో లేడు.

వైరా రోడ్డులో ఒక టైల్స్ షోరూం పైఅంతస్తులో అతని ఈవెంట్స్ ఆఫీసు. లోపల ఏసీ గది, నల్ల పరదాలు, గోడంత తెర, తెర ముందు మెత్తటి సోఫా. సోఫా వెనక బల్ల మీద బటన్లతో, చక్రాలతో లైట్లను నడిపే కన్సోల్, దాని ముందు ఉషారాణి. పార్టీ సోఫాలో కూలబడగానే గదిలో దీపాలు ఆర్పేస్తారు. ఇంకా భూమ్మీద ఎక్కడా కట్టని స్టేజీ తెర మీద వెలుగుతుంది. కెమెరా ఆకాశంలోంచి దిగి, పూల తోరణం కిందుగా దూరి, లైట్ల మధ్య నుంచి జారి, స్టేజీ మీద నిలబడ్డ బొమ్మ మనిషి ముఖం దగ్గర ఆగుతుంది. ఆ బొమ్మకు జయప్రకాశ్ ముందే పార్టీ ఫోటో అతికింపజేసి ఉంచుతాడు. అంత వెలుగులో తన ముఖం తాను చూసుకున్నవాడెవడూ ఆ తర్వాత బేరమాడలేదు.

నిజానికి అక్కడ కెమెరా లేదు. అది సాఫ్ట్‌వేర్‌లో ఉండే కన్ను. కన్సోల్‌కు మాత్రం అది కూడా ఒక లైటే. లైటుకిచ్చినట్టే దానికీ ఒక నంబరు ఇస్తే, చక్రం తిప్పినప్పుడల్లా లేస్తుంది, దిగుతుంది, తల తిప్పుతుంది, దగ్గరికొస్తుంది. పాటలో ఏ చోట ఏ లైటు వెలగాలో దాచిపెట్టుకున్నట్టే, ఏ చోట కెమెరా ఎక్కడుండాలో కూడా దాచిపెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఒక్క బటన్ నొక్కితే చాలు, రెండూ కలిసి నడుస్తాయి.

ఆ పని ఉషారాణి చాలా బాగా చేస్తుంది. బాగా చేస్తానని ఆమెకు తెలుసు, అందులో దాపరికం లేదు. ఖమ్మంలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో పెద్ద పెద్ద షోలకు పనిచేసి, "నువ్వే మా డిజైనర్‌వి" అని జయప్రకాశ్ పిలిస్తే తిరిగొచ్చింది. వచ్చాక తెలిసింది, పార్టీల ముందు డిజైనర్ అతనే. "నా డిజైన్ సార్ ఇది" అని అతను సోఫా చేతి మీద కూర్చుని చెబుతుంటే మొదట్లో ఆమెకు కోపం వచ్చేది. ఇప్పుడు కోపం కూడా దండగనిపిస్తుంది. కోప్పడాలన్నా ఎదుటివాడిలో కాస్త సరుకుండాలి.

ఆ ఎండాకాలం దమ్మపేట నుంచి పెద్ద పార్టీ వచ్చింది. పేరు వెంకటరామారావు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. పామాయిల్ తోటలున్నాయి, ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ కట్టాడు. దాని ప్రారంభోత్సవానికి స్టేజీ, పాటలు, డాన్సులు, లేజర్లు కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, స్టేజీ వెనక కోల్డ్ స్టోరేజీ గోడ మీద తన పేరు వెలుగుతూ కనబడాలి.

ఆ పేరు కనబడటం కోసం స్టేజీని మైదానంలో ఒక మూలకు తిప్పాల్సి వచ్చింది. అలా తిప్పితే స్పీకర్ల దొంతర, దాన్ని మోసే ఇనుప స్తంభం, పక్కన జనరేటర్ బండి, మూడూ ఎడమవైపు మైదానానికి అడ్డమొచ్చాయి. ఉషారాణి గ్రౌండ్ కొలతలు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించిన రోజే అది గమనించి చెప్పింది.

"సార్, ఎడం దిక్కు కూసునేటోళ్లకు ఏం కనవడదు. ఆడ ఇంకో తెర పెట్టాలె, లేకపోతే స్పీకర్లన్న జరపాలె."

జయప్రకాశ్ ఫోన్ చూసుకుంటూ, "అయితే కెమెరాని అటు తిప్పకు" అన్నాడు.

"తిప్పకపోతే కనవడ్తదా?"

"పార్టీకి కనబడదు కదా. అంతే మనకి కావాల్సింది."

ఆమె కెమెరా దారి కూర్చే పనిలో పడిపోయింది. నిజం చెప్పాలంటే అప్పటికి ఆమెకూ అది అంత పట్టలేదు. కెమెరా దారి అందంగా కుదిరింది. కోల్డ్ స్టోరేజీ పైకప్పు మీద నుంచి మొదలై కుడివైపు వంపు తిరుగుతూ దిగుతుంది. ఎడమ పక్క ఫ్రేములోకే రాదు.

*

ఆదివారం తండాకు వెళ్లింది. వాళ్ల తండా దమ్మపేట అవతల, పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. నాన్న తుల్సీరాం చర్లలో ఆశ్రమ పాఠశాలలో వంటమనిషి, సెలవులకే వస్తాడు. అమ్మ హేమ్లి వెంకటరామారావు తోటల్లోనే రాలిన పామాయిల్ పండ్లు ఏరే పనికి పోతుంది. ఉషారాణి వెళ్లేసరికి హేమ్లి గడపలో కూర్చుని అరచేతిలో విరిగిన ముల్లును పిన్నీసుతో తీసుకుంటోంది.

"మేస్త్రీ గోపాలు అందర్నీ రమ్మన్నడు బిడ్డా" అంది తలెత్తకుండానే. "అయ్యగారు కొత్తది కట్టిండంట కద, దాని ఫంక్షనంట. పనికి సెలవు, తిండి గూడ పెడ్తరంట. నేను మన తండా మొత్తానికి చెప్పిన, ఆడ లైట్లేసేది మా ఉషేనని."

"గా వెంకటరామారావు ఫంక్షనుకు గింత సంబరమేంది యాడీ నీకు?" అంది ఉషారాణి. అమ్మను ఆమె యాడీ అనే పిలుస్తుంది.

హేమ్లి ముల్లు వేలి కొసన పెట్టుకుని చూసింది. "ఆయన మొఖానికా సంబరం? ఇన్నేండ్ల సంది లైట్లు లైట్లంటవు. ఒక్కనాడన్న సూసిన్నా నీ పని?"

"యాడ కూసోవెడ్తన్నరు మిమ్ముల?"

"ఎడం దిక్కంట. లారీలు మర్లే కాడ సాపలేస్తరంట."

ఉషారాణి టీ గ్లాసు కింద పెట్టింది. అమ్మ ముల్లు గీరిన చోట పసుపు అద్దుకుంటోంది. ఉషారాణి మాట మార్చి వేరే సంగతులేవో మాట్లాడింది, సాయంత్రం బస్సుకు ఖమ్మం వచ్చేసింది.

మరునాడు ఆఫీసుకు ఎవరూ రాకముందే కన్సోల్ ముందు కూర్చుంది. సాఫ్ట్‌వేర్‌లో ఇంకో కెమెరా పెట్టి, దానికి నంబరిచ్చి, ఎడమవైపు మైదానంలోకి తోసింది. చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు దించింది. షో మొదలుపెట్టే బటన్ నొక్కింది.

పాటంతా నడిచింది. తెర మీద నల్లటి పెట్టె వీపు, దాని పక్కన స్తంభం, స్తంభం అవతల జనరేటర్ చక్రం. పెట్టె అంచున అప్పుడప్పుడు నీలం రంగు మిణుకుమంది, మళ్లీ పోయింది. ఆమె వారాల తరబడి కూర్చి పేర్చిన పని మొత్తం ఆ చోటునుంచి చూస్తే అంతే.

జయప్రకాశ్ వచ్చాక అతన్ని సోఫాలో కూర్చోబెట్టి చూపించింది. అతను సగంలోనే లేచాడు.

"బాగుంది. దీన్ని తీసెయ్."

"సార్, ఆడ మనుషులు కూసుంటరు."

"కూర్చోనీ. కూర్చోవద్దన్నామా?" అని నవ్వాడు. "ఉషా, నీకు పని తెలుసు, లోకం తెలీదు. వాళ్లు చూడ్డానికి రారు, కనబడ్డానికి వస్తారు. డ్రోన్ ఫోటోలో నిండుగా ఉండాలి, అంతే."

ఆమె అతన్ని తేరిపార చూసింది. ఇస్త్రీ చెరగని చొక్కా, మెడలో ఎప్పుడూ వేలాడే ఐడీ కార్డు. సొంత ఆఫీసులో తనకు తానే ఇచ్చుకున్న ఐడీ కార్డు. ఇలాంటి మనిషితో వాదించానా అని తన మీద తనకే చిరాకేసింది. సరేనంది. కెమెరాను మాత్రం తీసెయ్యలేదు.

ఆమె ఆలోచన ఒకటే. జయప్రకాశ్ దళారీ, వాడికి చెప్పి లాభం లేదు. వెంకటరామారావు ఫంక్షన్‌కు యజమాని. పిలిచినవాడు. పిలిచినవాళ్లను ఎక్కడ కూర్చోబెడుతున్నాడో కళ్లతో చూస్తే సిగ్గుపడతాడు. సిగ్గుపడకపోయినా, పెద్దమనిషినన్న పేరు కోసమైనా సరిచేయిస్తాడు.

*

డెమో రోజు వెంకటరామారావు భార్య నిర్మలాదేవితో కలిసి వచ్చాడు. ఆయన లావుగా, తెల్ల చొక్కాలో, మాట్లాడే ముందు గొంతు సవరించుకునే మనిషి. ఆవిడ నెమ్మదస్తురాలు, అందరినీ అమ్మా నాన్నా అని పిలుస్తుంది. సోఫాలో కూర్చోగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "నీలం లైటు పడితే నేను నల్లగా కనబడనుగా నాన్నా?" అని.

"మీ మీద బంగారు రంగే పడుతుంది మేడం, అది నా డిజైన్" అన్నాడు జయప్రకాశ్.

దీపాలు ఆర్పారు. కెమెరా పైకప్పు మీద నుంచి లేచింది. గోడ మీద వెంకటరామారావు పేరు ఒక్కో అక్షరమే వెలిగింది. కుడివైపు వంపు తిరిగి, తోరణం కింద దూరి, స్టేజీ మీద నిలబడ్డ వెంకటరామారావు బొమ్మ ముఖం దగ్గర ఆగింది. సోఫాలో ఉన్న వెంకటరామారావు గొంతు సవరించుకున్నాడు.

"అబ్బబ్బా, ఏం చూపించావయ్యా! ఏం చూపించావ్!"

"ఇంకొకటి ఉంది సార్" అంది ఉషారాణి సోఫా వెనకనుంచి. జయప్రకాశ్ గిర్రున తిరిగి, చీకట్లో చెయ్యి ఊపాడు. ఆమె చెయ్యి అప్పటికే చక్రం మీద ఉంది. కెమెరా స్టేజీ మీద నుంచి లేచి ఎడమకు తిరిగి, స్పీకర్ల దొంతర దాటి, నేల దాకా దిగింది. తెరంతా నల్లగా అయిపోయింది.

"ఏంటిది, కరెంటు పోయిందా?" అన్నాడు వెంకటరామారావు.

"పోలే సార్. ఎడం దిక్కు కూసునేటోళ్లకు గిట్లనే కనవడ్తది. స్పీకర్లు అడ్డమొస్తున్నయ్."

"ఎవరు కూర్చుంటారక్కడ?"

జయప్రకాశ్ గబగబా అందుకున్నాడు. "ఎవరూ లేరండి, మన తోటల లేబరు. వాళ్లకి చాపలేయిస్తున్నాం."

"ఓస్, లేబరా!" వెంకటరామారావు మళ్లీ సోఫాలో వెనక్కి వాలాడు. "నేనింకా మనవాళ్లేమో అనుకుని కంగారుపడ్డా."

నిర్మలాదేవి వెనక్కి తిరిగి ఉషారాణి వైపు చూసి ప్రేమగా నవ్వింది. "నీది ఎంత మంచి మనసమ్మా, వాళ్ల గురించి కూడా ఆలోచించావు. కానీ పాపం, వాళ్లకి ఇవన్నీ ఏం తెలుస్తాయి చెప్పు. కడుపునిండా బిర్యానీ పెడితే చాలు, అదే సంతోషం. బంగారం లాంటి మనుషులు."

వెంకటరామారావు అప్పటికే ఇంకో సంగతి పట్టుకున్నాడు. "అవునూ, వాళ్లకి స్టేజీయే కనబడనప్పుడు అటు లైట్లెందుకయ్యా జయప్రకాశ్? తీసెయ్. ఉత్త దండగ."

"నేనూ అదే చెబుదామనుకున్నానండి" అన్నాడు జయప్రకాశ్.

ఒక తెర అడగబోయి, ఉన్న లైట్లు కూడా పోగొట్టింది. గదిలో దీపాలు వెలిగాయి. నిర్మలాదేవి లేస్తూ, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది.

"దమ్మపేట అవతల తండా మేడం. మా అమ్మ మీ తోటలనే పండ్లేరుతది. గా చీకట్ల కూసునేటోళ్లల్ల ఆమె గూడ ఉంటది."

జయప్రకాశ్ కన్సోల్ తీగలేవో సర్దుతున్నట్టు వంగాడు. నిర్మలాదేవే ముందు తేరుకుంది.

"అయ్యో, ముందే చెప్పొద్దూ! మీ అమ్మని ముందుకి రమ్మను. నా వెనక వరసలో కుర్చీ వేయిస్తాను. ఇంత చదువుకున్న కూతురున్న మనిషి కింద కూర్చోవడమేంటి?"

"ఒక్క కుర్చీతోని ఏమైతది మేడం" అంది ఉషారాణి.

ఆవిడకు ఆ మాట అర్థం కాలేదు. మొహమాటపడుతోందనుకుని, భుజం తట్టి వెళ్లిపోయింది. వాళ్లను కారుదాకా సాగనంపి వచ్చాక జయప్రకాశ్ తిడతాడనుకుంది. తిట్టలేదు. చాలా హుషారుగా ఉన్నాడు.

"నీ కెమెరా వల్ల అటు లైట్ల ఖర్చు తగ్గింది. పార్టీ ఇచ్చేది మాత్రం తగ్గలేదు. అప్పుడప్పుడు నీ పిచ్చి కూడా పనికొస్తుంది ఉషా."

ఆ సాయంత్రం హాస్టల్ గదిలో కూర్చున్నా ఆమెకు ఆ సోఫాయే గుర్తొచ్చింది. వాళ్ల మీద అసహ్యం కొత్తదేమీ కాదు. వాళ్లకు చూపిస్తే సిగ్గుపడతారని నమ్మిన తన మీదే ఇప్పుడు ఎక్కువ రోత పుట్టింది. వాళ్లకు కనబడక కాదు, కనబడే అలా కూర్చోబెట్టారు. తను కొత్తగా చూపించిందేమీ లేదు. అమ్మకు ఫోన్ చేసింది.

"రావద్దు యాడీ. ఏం కనవడదు మీకు. నల్ల డబ్బ ఎనక కూసోవెడ్తన్నరు. లైట్లు గూడ తీసేసిన్రు."

"గట్లెట్ల తీసేస్తరు?"

"తీసేసిన్రు. నీ ఒక్కదానికి ముందల కుర్చీ ఏస్తదంట ఆ మేడం."

"అందర్నిడిసి నేనొక్కదాన్నే పోయి ముందల కూసుంటనా?" హేమ్లి గొంతులో నవ్వు వినబడింది, అంత మంచి నవ్వు కాదు. "వస్తం. అందరం వస్తం. ఎట్ల కూసోవెడ్తరో సూస్తం."

*

ఫంక్షన్ రోజు చీకటి పడేసరికి మైదానం నిండింది. సత్తుపల్లి, ఖమ్మం నుంచి కార్లు వచ్చాయి. వెంకటరామారావు బంధువులు, వ్యాపారులు ముందు వరస సోఫాల్లో, వాళ్ల వెనక ఊరివాళ్లు కుర్చీల్లో. మైదానం మధ్యలో చిన్న టెంటు కింద ఉషారాణి కన్సోల్. అక్కడినుంచి ఎడమకు చూస్తే గుంపుగా నడిచొస్తున్న ఆడవాళ్ల పైటల మీద అద్దాలు కార్ల వెలుగులో ఒకసారి మెరిశాయి, ఆ తర్వాత చీకట్లో కలిసిపోయాయి. అందులో అమ్మ ఎవరో పోల్చుకోలేకపోయింది. మేస్త్రీ గోపాలు అటూ ఇటూ తిరుగుతూ, "జరగండి, జరగండి, లోపలికి జరగండి" అని అరుస్తున్నాడు.

వాళ్లకు తిండి ముందే పెట్టేశారు. మధ్యలో లేచి తిరిగితే డ్రోన్ ఫోటో చెడిపోతుందని అది జయప్రకాశ్ ఏర్పాటు.

పాటలు మొదలయ్యాయి. గోడ మీద పేరు వెలిగింది. ముందు వరసల్లో ఫోన్లు లేచాయి. అంతా డెమోలో చూసినట్టే నడిచింది. ఉషారాణి ఒక్క తప్పు చేయలేదు, ఒక్కసారి కూడా సంతోషపడలేదు. చెయ్యి బటన్ల మీద ఉంది, మనసు చీకట్లో ఉంది. ఎడమవైపునుంచి మొదట కాసేపు పిల్లల ఏడుపులు, మాటలు వినబడ్డాయి. ఆ తర్వాత స్పీకర్ల హోరులో ఏమీ వినబడలేదు.

డాన్సులయ్యాక వెంకటరామారావు మైకు ముందుకొచ్చాడు. నిర్మలాదేవి పక్కన నిలబడింది. బంగారు రంగు పడింది. ఆయన గొంతు సవరించుకుని కష్టం గురించి, క్రమశిక్షణ గురించి చెప్పాడు. చెబుతూ చెబుతూ బాగా వేడెక్కాడు.

"ఈరోజు నేనిక్కడ నిలబడ్డానంటే కారణం ఎవరు? నా కార్మిక సోదరులు, నా అక్కచెల్లెళ్లు! వాళ్లు నా పనివాళ్లు కాదు, నా కుటుంబం! అదిగో, అక్కడున్నారు చూడండి నా కుటుంబం!"

చెయ్యి ఎడమవైపు చాచాడు.

ఉషారాణి ఆలోచించడానికి ఆగలేదు. అమ్మ ముఖం మీద ఒక్కసారైనా వెలుగు పడనీ, వీళ్లంతా ఒక్కసారైనా అటు తిరిగి చూడనీ అనుకుంది. స్టేజీ మీదున్న తిరిగే లైట్లన్నిటినీ పట్టుకుని, స్పీకర్ల మీదుగా ఎడమవైపు మైదానం మీదికి తిప్పి, పూర్తిగా పెంచింది. క్రేను మీద వీడియో తీస్తున్నవాడు కూడా వెలుగు వెంబడి కెమెరా తిప్పాడు. స్టేజీ కుడి పక్కనున్న పెద్ద తెర మీద ఆ దృశ్యం నిండా పరుచుకుంది.

అక్కడ ఎవరూ లేరు.

చాపలున్నాయి. చాపల మీద వాడేసిన ప్లేట్లు, నీళ్ల ప్యాకెట్లు. ఒక కుక్క బిర్యానీ ముక్క నోట కరుచుకుని, వెలుగు కళ్లలో పడి, కదలకుండా నిలబడింది. దాని వెనక గోపాలు ఒక్కడే నిలబడి, తల గోక్కుంటున్నాడు.

వెంకటరామారావు చెయ్యి చాచే ఉంది. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. సత్తుపల్లి వ్యాపారుల్లో ఎవరో ముందు కిసుక్కుమన్నారు, వెనక కుర్చీల్లో బాహాటంగానే నవ్వారు. "నీ కుటుంబం తినిపోయిందయ్యా రామారావూ" అని ఒక ముసలాయన గట్టిగానే అన్నాడు. నిర్మలాదేవి నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు. ఏం చేయాలో తోచక ఆవిడ అటే చూస్తూ చప్పట్లు కొట్టింది.

ఉషారాణి మొదట కంగారుపడింది, అమ్మ ఏమైందని. ఆ తర్వాత మెల్లగా అర్థమైంది. అర్థమయ్యాక ఆమె లైట్లు తగ్గించలేదు.

జయప్రకాశ్ టెంటులోకి పరుగెత్తుకొచ్చాడు. "ఆపు! తీసెయ్! పిచ్చెక్కిందా నీకు?"

"ఆయనే చూడున్రి అన్నడు కద సార్."

"తియ్యమంటుంటే!" అని అతనే కన్సోల్ మీదికి వంగి చేతికందిన బటన్ నొక్కాడు. స్టేజీ ముందు నేల మీద పేర్చిన నిప్పురవ్వల డబ్బాలన్నీ ఒక్కసారి ఎగజిమ్మాయి. వెంకటరామారావు అదిరిపడి రెండడుగులు వెనక్కి దూకాడు. ఎవరికీ ఏమీ కాలేదు. నవ్వులు మాత్రం ఇంకా పెరిగాయి.

ఆ తర్వాత కార్యక్రమం ఎలాగోలా ముగిసింది. ఉషారాణి చివరి లైటు ఆరేదాకా పని చేసే లేచింది. జయప్రకాశ్ "రేపట్నుంచి రాకు" అన్నాడు. "సరే సార్" అని తన మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టి, గేటు దాటి రోడ్డెక్కింది.

రోడ్డు వారన కల్వర్టు మీద హేమ్లి ఒక్కతే కూర్చుని ఉంది. మిగతావాళ్లు ట్రాక్టరెక్కి ఎప్పుడో వెళ్లిపోయారు.

"ఎవరు లేపిన్రు మిమ్ముల?" అంది ఉషారాణి.

"నేనే లేపిన" అంది హేమ్లి. "తిన్నం. తిన్నంక డబ్బ దిక్కు సూసుకుంట కూసున్నం. పక్కనున్న ముసలామె నన్నడిగింది, హేమ్లీ, మీ పిల్ల లైట్లేస్తదంటివి, గీ డబ్బేనా అని. నాకు తల తీసేసినట్టయింది. లేవున్రే, మనల్ని గోడకు మొఖం పెట్టి కూసోవెట్టినోడి ఇంట్ల మనకేం పని అన్న. లేసిన్రు. గోపాలు అడ్డమొచ్చిండు. పక్కకు జరుగుమన్నం."

"నేను లైట్లు తిప్పితే ఎవ్వరు లేరు."

"సూసిన గేటు కాడికెంచి. ఆయన చెయ్యి గట్లనే ఉండిపాయె." హేమ్లి చెయ్యి చాచి, నోరు తెరిచి వెంకటరామారావులా బిగుసుకుపోయి చూపించింది. ఉషారాణికి ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వొచ్చింది. నవ్వుతూనే కల్వర్టు మీద అమ్మ పక్కన కూలబడి ఏడ్చింది కూడా.

*

వారం తిరక్కుండానే జయప్రకాశ్ ఫోన్ చేశాడు. కొత్త పార్టీ సోఫాలో కూర్చుని ఉందట.

"ఉషా, ఒక్క చిన్న డౌట్. కెమెరా పైకి లేవట్లేదు. నేల మీదే ఉండిపోయింది."

"చక్రం తిప్పండి సార్."

"ఏ చక్రం?"

"మీ డిజైనే కద సార్. మీకు తెల్వదా?" అని పెట్టేసింది. మళ్లీ మోగితే ఎత్తలేదు.

ఉషారాణి ఇప్పుడు భద్రాచలంలో భద్రు అనే ఆయన సౌండ్, లైట్ల షాపులో పనిచేస్తోంది. జీతం తక్కువ, కన్సోల్ పాతది. పెళ్లిళ్లకు, బడి వార్షికోత్సవాలకు డీసీఎం బండిలో సామాను వేసుకుని ఊరూరా తిరగాలి. భద్రు కూడా మహానుభావుడేమీ కాదు. బేరం దగ్గర ఒక మాట, పని దగ్గర ఒక మాట చెబుతాడు. కానీ ఆమె వేసిన లైటును తన డిజైనని చెప్పడు. ప్రస్తుతానికి ఆమెకు అంత చాలు.

హేమ్లి వాళ్లను వెంకటరామారావు పనిలోంచి తీసేశాడు. కొత్తవాళ్లను తెమ్మని గోపాలుకు చెప్పాడు. గోపాలు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాడు, ఎవరూ దొరకలేదు. ఎండాకాలం గెలలు ఎవరి కోసమూ ఆగవు. పండినవి చెట్ల కింద రాలి, రాలినవి మగ్గి, తోటంతా పుల్లటి వాసన కొట్టడం మొదలయ్యాక ఒక పొద్దున గోపాలు ఆటో వేసుకుని తండాకు వచ్చాడు. ఉషారాణి ఆ రోజు ఇంట్లోనే ఉంది.

"అయ్యగారు ఏం మనసుల పెట్టుకోలేదంట హేమ్లమ్మా. రమ్మంటున్నడు" అన్నాడు గోపాలు, ఆటో దిగకుండానే.

"ఆయన మనసుల మేముంటే గద పెట్టుకునేది" అంది హేమ్లి. "కూలి పెంచమను. ఎండకు నీళ్ల డ్రమ్ము తోట లోపట పెట్టమను. అప్పుడు చెప్పు."

గోపాలు ఫోన్ పట్టుకుని చింతచెట్టు కిందికి పోయి చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చి తలూపాడు. హేమ్లి లోపలికెళ్లి గోనెసంచీ, గంప తెచ్చుకుని చెప్పులేసుకుంది.

ఉషారాణి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "గాళ్ల కాడికి మల్ల పోతవా యాడీ? సిగ్గులేదా?"

"నాకెందుకు సిగ్గు?" అంది హేమ్లి, చేతికి పాత గుడ్డ చుట్టుకుంటూ. "పనికి పోతున్న, ఆయన కాడికి గాదు. జరుగు, ఎండెక్కుతది."

ఉషారాణి పక్కకు జరిగింది. ఆటోలో అప్పటికే ఇరుక్కుని కూర్చున్న ఆడవాళ్లు హేమ్లికి చోటిచ్చారు. గోపాలు ఆటోవాడి పక్కన సగం సీటులో వేలాడుతూ కూర్చున్నాడు. ఆటో మట్టిరోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ తోటలవైపు పోయింది.